లైన్ క్లియర్ తీసుకున్నారా?

ఈ ఏటి సంచికకు ఏదన్నా రాసి ఇమ్మని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, నేను కవిని కాను, కథకుణ్ణి అంతకన్నా కాను, సైన్సు చదువుకునే రైతుబిడ్డను, నాకు తెలిసింది కొంచెం సేద్యం, కొంచెం కరెంటు పని, అంతే అని చెప్పి తప్పించుకోజూశాను. "అయితే ఆ కరెంటు పని గురించే రాయి" అన్నారు. కనుక రాస్తున్నాను. నేను రాయబోయేది బ్యాంకుల్లో, నగల దుకాణాల్లో గోడకు బిగించే దొంగల అలారం గురించి. కవితలకూ, కథలకూ మధ్య ఈ డబ్బా గొడవ ఎందుకని పాఠకులు విసుక్కోవద్దని మనవి. మీలో చాలామంది ఇళ్ళల్లో అమ్మల పుస్తెలతాళ్ళు, అక్కల గాజులు ఏదో ఒక బ్యాంకు లాకరులో ఉండే ఉంటాయి. కాబట్టి ఇది మీ గొడవ కూడా.

నేను చెప్పదలచుకున్నది మొదటే చెప్పేస్తాను. దూరాన మనుషులు కూర్చుని కనిపెట్టుకుని ఉండే అలారం మీద ఎవరు చెయ్యి వేసినా, వేసే ముందు ఆ మనుషులకు చెప్పాలి. పని అయ్యాక మళ్ళీ చెప్పాలి. స్క్రూడ్రైవరు కంటే, మీటరు కంటే, ఈ రెండు మాటలే ఈ పనిలో ముఖ్యమైన పనిముట్లు. ఇంత చిన్న సంగతిని మనకు ఎవరూ నేర్పడం లేదు. ఇదే నా ఫిర్యాదు.

మా ఊళ్ళో లైన్‌మన్ ఒకాయన ఉన్నాడు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు పోయినా, తీగ తెగినా ఆయనే దిక్కు. ఒకసారి నాట్లు వేసిన వారానికే మా మోటారు లైను తెగింది. మడి నెర్రెలు బారుతోంది. బాపు పొద్దున్నుంచీ ఆయన వెంటపడి స్తంభం దాకా తీసుకొచ్చాడు. తీరా వచ్చాక ఆయన స్తంభం ఎక్కకుండా కింద నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. అవతల సబ్‌స్టేషన్ వాళ్ళు ఎత్తడం లేదు. బాపుకు ఓపిక చచ్చిపోయింది. "లైనుల కరెంటు లేదు గదనే, ఎక్కరాదు?" అన్నాడు. ఆయన నెమ్మదిగా, "ఇప్పుడు లేదు పటేలా. నేను పైనున్నప్పుడు రాదని ఎవరు చెప్తరు? నీ మడి ఎండితే మళ్ళ నాటుకుంటవ్, నేను పోతే నా పిల్లలు ఏం నాటుకుంటరు?" అన్నాడు. లైన్ క్లియర్ వచ్చిందాకా ఎక్కనేలేదు.

ఎల్.సి. అనే ఈ లైన్ క్లియర్ సంగతి పల్లెటూరి మిత్రులందరికీ తెలిసిందే. లైన్‌మన్ సబ్‌స్టేషనుకు ఫలానా ఫీడరు మీద పని చేస్తున్నానని చెప్పి అనుమతి అడుగుతాడు. అక్కడి ఆపరేటరు ఆ ఫీడరు ఆపి, పుస్తకంలో రాసుకుని, ఇచ్చానని చెబుతాడు. లైన్‌మన్ తీగలో కరెంటు లేదని తానే పరీక్షించుకుని, ఎర్త్ చేసుకుని, అప్పుడు ఎక్కుతాడు. పని అయ్యాక ఎల్.సి. తిరిగి ఇస్తాడు. తీసుకున్నవాడే తిరిగి ఇవ్వాలి. ఇంకొకడు ఇచ్చినా, అసలివ్వకున్నా ప్రమాదమే. ఈ నియమం తప్పినచోట ఎన్ని ప్రాణాలు పోయాయో మన జిల్లా పేజీలు చదివేవాళ్ళకు చెప్పనక్కర లేదు.

ఇక అలారానికి వస్తాను. పోయిన రెండు ఎండాకాలం సెలవుల్లోనూ నేను మా మేనబావ దగ్గర హెల్పరుగా పనిచేశాను. ఆయన ఒక కంపెనీ తరఫున మా చుట్టుపక్కల మండలాల్లో అలారాలు బిగించి, బాగుచేసే కాంట్రాక్టు తీసుకున్నాడు. హాస్టల్ మెస్ బిల్లుకు పనికొస్తుందని నేను వెళ్ళాను. అక్కడ నేను చేసిన తప్పులు రెండు. రెండూ దాచకుండా చెబుతాను.

అంతకుముందు ఆ డబ్బాలో ఏముంటుందో కొంచెం చెప్పాలి. గోడకు ఒక ఇనుప డబ్బా, దాన్ని ప్యానల్ అంటారు. లోపల ఒక సర్క్యూట్ బోర్డు, 230 వోల్టుల ఇంటి కరెంటును తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు, కరెంటు పోయినా పనిచెయ్యడానికి మామూలుగా 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉంటాయి. తలుపుకు, షట్టరుకు అయస్కాంతపు సెన్సర్లు, గదిలో మనిషి కదిలితే పట్టుకునే సెన్సర్లు, క్యాషియరు బల్ల కింద పానిక్ స్విచ్, బయట హూటరు. ఇంతవరకే ఉంటే అది ఒట్టి గంట. ఎవరూ వినకపోతే మోగి మోగి ఆగిపోతుంది. కానీ ఈ ప్యానల్ సిమ్ కార్డు ద్వారానో, టెలిఫోను లైను ద్వారానో, ఇంటర్నెట్ ద్వారానో ఎక్కడో పట్నంలో ఉన్న కంట్రోల్ రూముకు సమాచారం పంపుతుంది. ఏ బ్యాంకు, ఏ తలుపు, ఎన్ని గంటలకు అన్నది అక్కడ రాత్రింబవళ్ళు కూర్చునే మనిషి ముందు తెర మీద పడుతుంది. ఆయన బ్యాంకుకు ఫోన్ చేస్తాడు. ఎత్తినవాళ్ళు రహస్య సంకేతపదం సరిగ్గా చెప్పకపోతే మేనేజరుకు, పోలీసులకు చెబుతాడు. కాపలా కాసేది ఈ మనిషే. డబ్బా ఆయనకు కన్నూ చెవీ మాత్రమే.

ఈ ఆలోచన నిన్నా మొన్నటిది కాదు. 1853లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆగస్టస్ రస్సెల్ పోప్ అనే ఒక మత ప్రబోధకుడు, తలుపు తెరిస్తే కరెంటు వలయం పూర్తయి గంట మోగే అలారానికి పేటెంటు పొందాడు. 1857లో ఎడ్విన్ హోమ్స్ అనే వ్యాపారి ఆ హక్కులు కొని పెద్ద వ్యాపారంగా పెంచాడు. దుకాణాల నుంచి తీగలు లాగి ఒక కేంద్రంలో మనుషుల్ని కూర్చోబెట్టే పద్ధతి అలా స్థిరపడింది. బోస్టన్‌లో ఆ అలారం తీగల మీదే 1877లో హోమ్స్ కొడుకు కొన్ని బ్యాంకుల మధ్య టెలిఫోన్లు కలిపి మాట్లాడించాడు. అంటే తొలి టెలిఫోను ఎక్స్ఛేంజీల కథలో దొంగల అలారానికి కూడా భాగం ఉందన్నమాట!

మన ఫిజిక్సు ల్యాబులో రెసిస్టర్లతో కుస్తీ పట్టే మిత్రులకు ఇంకొక ముచ్చట. సెన్సరు తీగ చివర ఒక రెసిస్టరు పెడతారు. కంపెనీని బట్టి దాని విలువ కొన్ని కిలో ఓములు ఉంటుంది. ప్యానల్ ఎప్పుడూ ఆ నిరోధాన్ని కొలుస్తూ ఉంటుంది. ఆ విలువే కనబడితే అంతా క్షేమం. నిరోధం అనంతమైతే తలుపు తెరిచారు లేదా తీగ తెంచారు. సున్నా అయితే ఎవరో రెండు తీగలు కలిపేశారు. ఓమ్ సూత్రం తెలిసిన ఎవరికైనా ఇది అర్థమవుతుంది. అయితే ఆ రెసిస్టరు తీగకు అవతలి చివర, సెన్సరు దగ్గర ఉండాలి. బద్ధకించి ప్యానల్ డబ్బాలోనే పెట్టేసేవాళ్ళను నేను చూశాను. అప్పుడు మధ్యలో ఎవరన్నా తీగలు కలిపేసినా ప్యానలుకు క్షేమంగానే కనబడుతుంది. తలుపు బార్లా తెరిచినా తెలియదు. బిగించినవాడికి నిచ్చెన ఎక్కే శ్రమ తప్పింది, కాపలా మాత్రం పోయింది.

ఇప్పుడు నా మొదటి తప్పు. ఒక నగల దుకాణంలో బ్యాటరీ మార్చాలి. బావ ఇంకో చోట ఉన్నాడు. నేనొక్కణ్ణే వెళ్ళాను. ముందు కంట్రోల్ రూముకు ఫోన్ చెయ్యమని బావ చెప్పనే చెప్పాడు. చేస్తే "మీరు వరుసలో ఉన్నారు" అని పాట వినిపిస్తోంది. ఐదు నిమిషాల పనికి పది నిమిషాల పాట ఎందుకులే అనుకుని, ఫోన్ జేబులో పెట్టి, డబ్బా మూత విప్పాను. మూత వెనక టాంపర్ స్విచ్ అని ఒకటుంటుంది. ఎవరన్నా డబ్బా తెరిస్తే చెప్పడానికి. అది తన పని తాను చేసింది. హూటరు నా తల మీదే. నూటపది డెసిబెళ్ళ చుట్టుపక్కల ఉంటుంది దాని మోత. నిచ్చెన మీద ఉలిక్కిపడి కిందపడబోయి గోడ పట్టుకున్నాను. చేతిలోని పానా జారి బ్యాటరీ మీద పడింది. రెండు కొసలకూ ఒక్క క్షణం ఆనింది. నిప్పురవ్వలు లేచాయి.

12 వోల్టులే గదా, ఏం చేస్తుందిలే అనుకునేవాళ్ళు ఇక్కడ కొంచెం లెక్క వెయ్యాలి. అలాంటి బ్యాటరీ అంతర్నిరోధం 25 మిల్లీ ఓములు అనుకుందాం. 12ను 0.025తో భాగించండి, 480 ఆంపియర్లు! తీగల నిరోధం, స్పర్శ నిరోధం వల్ల అంత రాకపోవచ్చు. కానీ అందులో నాలుగోవంతు వచ్చినా వేలికి ఉన్న ఉంగరం ఎర్రగా కాలి చర్మానికి అంటుకుంటుంది. షాకు కొట్టని కరెంటు కూడా కాలుస్తుంది. ఆ రోజు నా వేలికి ఉంగరం ఉంది, నా అదృష్టం బాగుండి మధ్యలో పానా ఉంది.

పది నిమిషాల్లో ఇద్దరు కానిస్టేబుళ్ళు మోటారు సైకిలు మీద వచ్చారు. దుకాణం యజమాని నా తరఫున దండం పెట్టాడు. వాళ్ళలో పెద్దాయన తిట్టలేదు. "ఈ నెలల ఇది మూడోసారి తమ్మీ. ఇట్లనే పిలుస్తుంటే నాలుగోసారి ఛాయ్ తాగి వస్తం" అన్నాడు. నాన్నా పులి కథ మనమంతా చిన్నప్పుడు చదువుకున్నదే. ఆ కథలో పిల్లవాడు సరదాకు అరిచాడు. నేను బద్ధకానికి అరిచాను. పులికి తేడా ఏం తెలుస్తుంది?

ఇది మన ఊళ్ళ బాధే కాదు. అమెరికాలో పోలీసులకు వచ్చే దొంగల అలారం పిలుపుల్లో నూటికి 94 నుంచి 98 దాకా ఉత్తుత్తివేనని అక్కడి న్యాయశాఖ వారు పోలీసుల కోసం వేసిన పుస్తకమే చెప్పింది. విసిగిపోయిన సాల్ట్ లేక్ సిటీ నగరంలో 2000 సంవత్సరంలో, ముందు ఒక ప్రైవేటు గార్డు వెళ్ళి చూసి నిజమేనంటే తప్ప పోలీసులు వెళ్ళరని నియమం పెట్టారు. ఉత్తుత్తి మోత మోగించిన ప్రతిసారీ, రేపు నిజంగా దొంగ పడినవాడి పిలుపు విలువ కాస్త తగ్గిస్తున్నాం. మనం కొల్లగొట్టేది పక్కవాడి నమ్మకాన్ని.

రెండో తప్పు దీనికి పూర్తిగా తిరగబడింది. మొదటి దెబ్బతో నాకు బుద్ధి వచ్చింది. ఆ తర్వాత ప్రతిచోటా ముందు ఫోన్ చేసేవాణ్ణి. ఫోన్ చేసి సైటు నంబరు, నా పేరు, సంకేతపదం చెబితే వాళ్ళు ఆ సైటును 'టెస్ట్'లో పెడతారు. అప్పటినుంచి ఎన్ని సంకేతాలు వచ్చినా తెర మీద రాసుకుంటారే గానీ ఎవరినీ పంపరు. ఒక శుక్రవారం సాయంత్రం మా మండల కేంద్రంలోని ఒక బ్యాంకులో షట్టరు సెన్సరు మార్చాం. టెస్టులో పెట్టించింది నేనే. "ఎన్ని గంటల వరకు సార్?" అని ఆపరేటరు అడిగింది. "పని అయినాక నేనే చెప్తా మేడం" అన్నాను. పని అయ్యేసరికి చీకటి పడింది. మేనేజరు తాళాలు పట్టుకుని నిలబడ్డాడు. ఆఖరి బస్సు తప్పిపోతుందని నాకు తొందర. బావ చెప్పాడేమో అని నేను, నేను చెప్పానేమో అని బావ. ఇద్దరం వచ్చేశాం.

మర్నాడు రెండో శనివారం. ఆ పైన ఆదివారం. సోమవారం పొద్దున వేరే పని మీద బావ కంట్రోల్ రూముకు ఫోన్ చేస్తే, "మీ ఫలానా బ్యాంకు శుక్రవారం నుంచీ టెస్టులోనే ఉందండీ, ఇంకా పని కాలేదా?" అని అడిగారు. బావ ముఖం నేను ఎప్పటికీ మరిచిపోను. శుక్రవారం రాత్రి, శనివారం రాత్రి, ఆదివారం రాత్రి. సెన్సర్లన్నీ కొత్తవి, బ్యాటరీ కొత్తది, తీగలు బాగున్నాయి. చూసే మనిషే లేడు. షట్టరు కోస్తే ఆ మూడు రాత్రులూ ఊరి చివర హూటరు మోగేది. కంట్రోల్ రూములో, "ఆ సైటు టెస్టులో ఉందిలే" అని పక్కన పెట్టేవారు.

ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి ఎవరూ అడగలేదు. కానీ ఆ బ్యాంకులో మా అమ్మ నానుతాడు, చెవుల కమ్మలు ఉన్నాయి. వానాకాలం విత్తనాలకు, మందు కట్టలకు కుదువపెట్టినవి. మా అమ్మవే కాదు, మా ఊళ్ళో సగం ఇళ్ళ బంగారం ఎండాకాలం దాటాక అక్కడికే చేరుతుంది. పత్తి అమ్మినాక విడిపించుకుంటారు. మళ్ళీ జూనులో పెడతారు. రైతు ఇంట్లో బంగారం నగ కాదు, పెట్టుబడి. 2024 నవంబరులో మా వరంగల్ జిల్లాలోనే రాయపర్తిలో దొంగలు కిటికీ గుండా ఒక బ్యాంకులోకి దూరి, అలారం తీగలు తెంపి, గ్యాస్ కట్టరుతో లాకరు కోసి, సుమారు 19 కిలోల బంగారం ఎత్తుకుపోయారు. అదంతా జనం కుదువపెట్టిన బంగారమే. ఆ వార్త పేపర్లో చదివి వినిపించిన రోజు మా అమ్మ అన్నం తినలేదు. అక్కడ దొంగలు తీగలు తెంపాల్సి వచ్చింది. ఇక్కడ ఆ శ్రమ కూడా లేకుండా మేమే వాళ్ళకు మూడు రాత్రులు ఉచితంగా ఇచ్చాం.

ఈ సంగతి అమ్మకు చెప్పాలా వద్దా అని నెలరోజులు కొట్టుకుని, చివరికి చెప్పాను. కోప్పడలేదు. కాసేపు ఊరుకుని, "తాళం ఏసినాక ఒకసారి గుంజి చూస్తం గద బిడ్డా, మీరు గుంజి చూడలేదా?" అంది. నాలుగో తరగతితో చదువు ఆపేసిన మా అమ్మ అడిగిన ఈ ప్రశ్న నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు.

గుంజి చూడటం అంటే ఈ పనిలో ఏమిటో, తప్పులు చేసి నేర్చుకున్నవాణ్ణిగా నాలుగు మాటల్లో చెబుతాను. మొదట ఇంటివాళ్ళ, అంటే మేనేజరు అనుమతి. ఆ తర్వాత కంట్రోల్ రూముకు ఫోన్. సైటు నంబరు, చేసే పని, ఎన్ని గంటలకు ముగుస్తుందో కచ్చితంగా చెప్పాలి. 'నేనే చెప్తా' అనకూడదు. ఒకవేళ మనం మరిచిపోయినా ఆ గంటకు వాళ్ళే ఫోన్ చేస్తారు. సంకేతపదం ఛాయ్ పట్టుకొచ్చిన పిల్లవాడి ముందు, ఖాతాదారుల ముందు గట్టిగా చెప్పకూడదు. డబ్బా మూత లోపల రాసి పెట్టకూడదు. టెస్టులో పెట్టామని అటునుంచి మాట వచ్చాక, ఒక సెన్సరు కదిపి, అది వాళ్ళకు అందిందో లేదో అడగాలి. మనం ఒక బ్యాంకు పేరు చెబితే వాళ్ళు ఇంకో శాఖను టెస్టులో పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. లైన్‌మన్ తీగను తానే పరీక్షించుకోవడం లాంటిదే ఇది.

పానిక్ స్విచ్, పొగ సెన్సరు లాంటివి అలారం ఆఫ్ చేసి ఉన్నా పగలూ రాత్రీ పనిచేస్తూనే ఉంటాయి. టెస్టులో ఉన్నంతసేపూ వాటి కాపలా కూడా లేనట్టే. కాబట్టి ఆ సంగతి బ్యాంకువాళ్ళకు చెప్పాలి. నిజంగా ప్రమాదం వస్తే నేరుగా 112కు ఫోన్ చెయ్యమని, పని జరిగినంతసేపూ ఒక మనిషిని చూస్తూ ఉండమని అడగాలి. ఉంగరం, ఇనుప గొలుసు గడియారం తీసేయాలి. 230 వోల్టుల కరెంటు ఆపి, మీటరు పెట్టి చూసి, తర్వాత బ్యాటరీ తీగ విప్పి దాని కొసకు టేపు చుట్టాలి. తిరిగి కలిపేటప్పుడు ఏది ముందో ఆ ప్యానల్ తయారుచేసినవాళ్ళ పుస్తకం చూసి కలపాలి. తీగలు విప్పే ముందు ఫోనుతో ఫోటో తీసుకుంటే సగం తప్పులు తప్పుతాయి. పరీక్ష కోసం ఎక్కడైనా రెండు తీగలు కలిపి ఉంచితే దానికి ఎర్రగుడ్డ ముక్క కట్టాలి, మరిచిపోకుండా.

అంతా అయ్యాక ఒక్కొక్క తలుపూ తెరిచి, ఒక్కొక్క సెన్సరు ముందూ నడిచి, అవన్నీ కంట్రోల్ రూముకు చేరాయా అని ఒక్కొక్కటే చదివించుకోవాలి. కరెంటు ఆపి బ్యాటరీ మీద నడుస్తుందో చూడాలి. రెండు దారులుంటే, అంటే సిమ్మూ ఇంటర్నెట్టూ ఉంటే, రెండూ చూడాలి. అప్పుడు, ఎవరు టెస్టులో పెట్టించారో వాళ్ళే తీయించాలి. "తీసేశాం, ఇప్పుడు మామూలుగా చూస్తున్నాం" అన్న మాట చెవిన పడ్డాక, టైము, మాట్లాడిన మనిషి పేరు రిజిస్టరులో రాసి, మేనేజరు సంతకం తీసుకోవాలి. ఆఖరి బస్సు పోతే పోనీ.

దీనికి నా మిత్రుడొకడు అడ్డం వచ్చాడు. "ఇప్పుడన్నీ సాఫ్ట్‌వేర్లే చేస్తున్నాయిరా, రెండు గంటలయ్యాక టెస్ట్ దానంతటదే తీసేసేలా పెడితే నీ గొడవ తీరిపోతుంది" అన్నాడు. పెట్టాలి, తప్పకుండా పెట్టాలి. చాలాచోట్ల ఉంది కూడా. కానీ రెండు గంటలయ్యాక టెస్టు పోయినా, మనం కలపడం మరిచిన తీగ కలవదు. తీగ కలిసిందో లేదో అక్కడ నిలబడి చూడాల్సింది మనిషే. ఇంకొకాయన, మా సీనియరే, "ఇవన్నీ సంచికలో రాస్తే దొంగలు చదవరా?" అన్నాడు. నేను ఏ తాళం చెవీ ఇవ్వలేదు. దొంగకు పనికొచ్చేది మన బద్ధకం. అది వాడికి ఎప్పుడో తెలుసు.

ఇక అసలు దోషం ఎవరిది? నాదే, ఒప్పుకున్నాను. కానీ నా ఒక్కడిదేనా? బావకు కంపెనీవాళ్ళు సైటుకు ఇంత అని కడతారు, గంటకు కాదు. రోజుకు ఐదు సైట్లు తిరిగితేనే పెట్రోలు ఖర్చు పోను నాలుగు రూపాయలు మిగిలేది. ఫోన్లో పాట వింటూ నిలబడ్డ పది నిమిషాలకు ఎవరూ డబ్బు ఇవ్వరు. అంటే జాగ్రత్త పడినవాడు నష్టపోతాడు, తొందరపడినవాడు గట్టెక్కుతాడు. నాకు ఏ కంపెనీ మనిషీ ఒక్కరోజు శిక్షణ ఇవ్వలేదు. ఒక కాగితం ముక్క ఇవ్వలేదు. ప్యానలుతో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది, అది కూడా డబ్బాతోపాటే పారేశారు. పల్లెల్లో ఈ పని చేసేది పదో తరగతి, ఐ.టి.ఐ. చదివిన నా వయసు కుర్రాళ్ళే. కోట్ల బంగారానికి కాపలా పెట్టే పని వాళ్ళ చేతుల్లో పెట్టి, పది నిమిషాల కూలి మిగుల్చుకోవడం ఏ లెక్క ప్రకారం లాభమో కామర్స్ మిత్రులు చెప్పాలి.

అందుకని నేను అడిగేవి ఇవి. కంపెనీలు ఫోన్లో నిలబడ్డ సమయానికి కూడా కూలి కట్టాలి. చెయ్యాల్సిన వరసను తెలుగులో అచ్చువేసి ప్రతి డబ్బా లోపలా అతికించాలి. కంట్రోల్ రూములు గడువు లేని టెస్టు ఇవ్వనే ఇవ్వకూడదు. బ్యాంకు మేనేజర్లు "అయిపోయిందా?" అని అడగడం మాని, "టెస్టు తీయించావా? ఎవరు చెప్పారు? ఎన్ని గంటలకు?" అని అడిగాకే షట్టరు దించాలి. ఈ మూడు ప్రశ్నలకు ఇంజనీరు కానక్కర లేదు.

చివరగా మన కళాశాలకు ఒక మనవి. మన ల్యాబుల్లో ఓమ్ సూత్రం, కిర్కాఫ్ నియమాలు బాగానే చెబుతున్నారు. రీడింగులు వచ్చాయా, గ్రాఫు గీశామా, సంతకం అయిందా, పరుగు. స్విచ్ ఎవరు ఆపారు, బల్లను ఎవరికి అప్పగించాం అని ఎవరూ అడగరు. ప్రాక్టికల్ రికార్డులో ఒక్క గీత ఎక్కువ గీయించండి సార్. పని మొదలుపెట్టే ముందు ఎవరికి చెప్పాను, ముగించాక ఎవరికి అప్పగించాను అని విద్యార్థి తన చేత్తో రాసేలా. దానికి రెండు మార్కులు పెట్టండి. మార్కులుంటే మేం నేర్చుకుంటామని మీకు తెలియనిది కాదు.

మిత్రులారా, రేపు మనలో కొందరం బ్యాంకు ఆఫీసర్లం అవుతాం, కొందరం ఇంజనీర్లం, కొందరం మళ్ళీ ఊరికిపోయి నాగలి పడతాం. ఎక్కడున్నా ఒకరి కాపలాలో ఒకరం బతకక తప్పదు. కాబట్టి ఎవరి కాపలా మీద చెయ్యి వేసినా ముందు చెప్పి వేద్దాం, తిరిగి అప్పగించి వద్దాం. వచ్చే సెలవుల్లో నేను మళ్ళీ బావ దగ్గరికే వెళుతున్నాను. ఈసారి జేబులో చిన్న నోటుపుస్తకం ఉంటుంది. మొదటి పేజీలో ఒకే ఒక్క వాక్యం ఇప్పటికే రాసి పెట్టుకున్నాను. అది మా అమ్మ అడిగిన ప్రశ్న.